గైడు పుస్తకం చెప్పని పాఠాలు: వ్యవసాయ పి.జి. ప్రవేశ పరీక్షకు సన్నద్ధత

వ్యవసాయ పట్టభద్ర విద్యలో నాలుగో సంవత్సరానికి ఒక ప్రత్యేకత ఉంది. మూడేళ్లు తరగతి గదిలో, ప్రయోగశాలలో గడిపిన విద్యార్థిని ఆ ఏడాది గ్రామానికి పంపుతారు. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం కింద, అంటే విద్యార్థులు 'రావెప్' అని పిలుచుకునే కార్యక్రమం కింద, ఒక రైతు కుటుంబానికి అనుబంధంగా ఉంటూ దుక్కి మొదలు పంట వరకు జరిగే పనులను దగ్గరగా చూడాలి. అదే సంవత్సరం చివర స్నాతకోత్తర ప్రవేశ పరీక్ష ఎదురుచూస్తూ ఉంటుంది. అందువల్ల గ్రామానికి బయలుదేరే సంచిలో రెండు పుస్తకాలు చేరతాయి. ఒకటి పొలంలో చూసినది రాసుకోవలసిన డైరీ, రెండోది వేలాది బహుళైచ్ఛిక ప్రశ్నలు అచ్చువేసిన గైడు. ఏ పుస్తకం అట్టలు ముందుగా నలుగుతున్నాయో వ్యవసాయ కళాశాలల్లో బోధించేవారందరికీ తెలుసు.

ఈ పరిస్థితికి విద్యార్థిని మాత్రమే తప్పు పట్టడం న్యాయం కాదు. పరీక్ష ఫలితంపై ఆధారపడి ఉన్నది చిన్న విషయమేమీ కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి తరఫున జరిగే అఖిల భారత స్నాతకోత్తర ప్రవేశ పరీక్షను 2019 నుంచి జాతీయ పరీక్షల సంస్థ కంప్యూటర్ ఆధారంగా నిర్వహిస్తున్నది. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వంటి జాతీయ సంస్థల్లోనూ, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో అఖిల భారత కోటాకు కేటాయించిన సీట్లలోనూ ప్రవేశానికి ఇదే ద్వారం. అగ్రశ్రేణి ర్యాంకులు పొందిన పరిమిత సంఖ్యలోని వారికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ లభిస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో ఆ మొత్తం నెలకు రూ.12,640. రెండేళ్ల ఎమ్మెస్సీ కాలానికి లెక్కిస్తే రూ.3,03,360 అవుతుంది. వర్షాధారంగా వేరుశనగ పండించే కుటుంబానికి ఈ మొత్తం ఎన్ని మంచి సంవత్సరాల మిగులుకు సమానమో చెప్పనవసరం లేదు. ఆ ఫెలోషిప్ వస్తే చదువు కొనసాగుతుంది. రాకపోతే కొడుకు ఏదో ఒక ఉద్యోగంలో చేరాలన్న ఒత్తిడి, కూతురికి సంబంధాలు చూడాలన్న తొందర ఇంట్లో మొదలవుతాయి. గైడు పుస్తకం పట్టుకున్న చేతిలో ఉన్నది ఆశ ఒక్కటే కాదు, భయం కూడా.

ఆ భయమే సన్నద్ధతను తప్పుదారి పట్టిస్తున్నది. ప్రశ్నల విడి జవాబులను, ఏకవాక్య సమాచారాన్ని కంఠస్థం చేయడమే చదువు అన్న అభిప్రాయం ఏటేటా బలపడుతున్నది. రావెప్ గ్రామాన్ని చదువుకు అడ్డంగా భావించి, హాజరు మాత్రం వేయించుకొని వసతిగృహాలకు తిరిగివచ్చేవారున్నారు. గత సంవత్సరపు నివేదికలో ఊరి పేరు, రైతు పేరు మార్చి సమర్పించే పద్ధతి కూడా అపరిచితం కాదు. ఇక్కడ కళాశాలల బాధ్యత కూడా ఉంది. నిర్వచనాలు అడిగి మార్కులు వేసే సెమిస్టరు పరీక్షలు నాలుగేళ్లు నడిపిన తరువాత, విద్యార్థి ఒక్కసారిగా ఆలోచించడం నేర్చుకోవాలని ఆశించడం ఎంతవరకు సబబు?

గైడును పూర్తిగా తోసిపుచ్చవలసిన పని లేదు. చదివినది ఎంతవరకు నిలిచిందో పరీక్షించుకోవడానికి అది ఉపయోగపడుతుంది. చదవడానికి బదులుగా దాన్ని వాడుకున్నప్పుడే చిక్కు. ఈ భేదం ఎక్కడ బయటపడుతుందో కొన్ని ఉదాహరణలతో చూడవచ్చు. ఇవి ముఖ్యంగా సేద్య విభాగం, అంటే అగ్రానమీ నుంచి తీసుకున్నవి. మృత్తికా శాస్త్రం, మొక్కల శాస్త్రాలు ఎంచుకున్నవారికి కూడా వీటిలో ఉపయోగం ఉంటుంది.

లెక్కల్లో దాగిన పొలం

ఎరువుల లెక్క లేని ప్రశ్నపత్రం అరుదు. ఒక పైరుకు హెక్టారుకు 120 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం, 40 కిలోల పొటాష్ సిఫారసు అనుకుందాం. వీటిని డి.ఎ.పి., యూరియా, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రూపంలో ఇవ్వాలి. యూరియా ఎంత కావాలి? డి.ఎ.పి.లో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం ఉంటాయి. 60 కిలోల భాస్వరం కోసం 130.4 కిలోల డి.ఎ.పి. వేయాలి. దానితోపాటే 23.5 కిలోల నత్రజని పొలంలో పడుతుంది. మిగిలిన 96.5 కిలోల నత్రజనికి 46 శాతం నత్రజని గల యూరియా 209.8 కిలోలు చాలు. 60 శాతం పొటాష్ గల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 66.7 కిలోలు.

సూత్రాన్ని మాత్రమే గుర్తుంచుకున్న విద్యార్థి 120ని నేరుగా 46తో భాగించి, 100తో గుణించి 260.9 అని గుర్తిస్తాడు. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఈ తొందర తెలుసు. అందుకే ఆ అంకె కూడా నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటిగా కనిపిస్తుంది. రెండు జవాబుల మధ్య తేడా 51 కిలోలు, అంటే నేటి 45 కిలోల యూరియా బస్తా ఒకటి, మరో ఆరు కిలోలు. రైతు డి.ఎ.పి. వేశాక కూడా యూరియా తగ్గించకపోవడం గ్రామాల్లో నిత్యం కనిపించేదే. దుక్కిలో ఏం వేశారు, పైపాటుగా ఏం వేశారు అని రావెప్ రైతును అడిగి, బస్తాలను పోషకాల కిలోల్లోకి ఒక్కసారి మార్చి చూసిన విద్యార్థి పరీక్షలో ఆ తప్పు చేయడం అరుదు. రైతు చెప్పే లెక్క ఎకరాల్లో, బస్తాల్లో ఉంటుంది. పుస్తకంలో లెక్క హెక్టార్లలో, కిలోల్లో ఉంటుంది. 2.47తో గుణించడం, భాగించడం చేతికి అలవాటు కావాలంటే ఈ మార్పిడిని రోజూ చేయడమే మార్గం.

నీటి లెక్క మరింత ముఖ్యం. ఒక నేలలో ఫీల్డ్ కెపాసిటీ వద్ద బరువు ప్రకారం తేమ 30 శాతం, తడి ఇచ్చే ముందు 20 శాతం, స్థూల సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 1.4 గ్రాములు, వేరు మండలం 60 సెంటీమీటర్లు అనుకుంటే, ఇవ్వవలసిన నీరు 0.10 × 1.4 × 60 = 8.4 సెంటీమీటర్లు. స్థూల సాంద్రతను మరచినవారికి 6 సెంటీమీటర్లే వస్తుంది. అది కూడా ఐచ్ఛికాల్లో ఉంటుంది. బరువు ప్రకారం తీసిన తేమను నీటి లోతుగా మార్చడానికి సాంద్రత ఎందుకు కావాలో, నేల నమూనాను ఓవెన్‌లో ఆరబెట్టి తూచిన విద్యార్థికి మళ్లీ చెప్పనక్కర లేదు.

ఆ లెక్కను అక్కడితో ఆపకుండా కొంచెం ముందుకు తీసుకువెళ్లాలి. హెక్టారుపై ఒక సెంటీమీటరు నీరు అంటే 100 ఘనపు మీటర్లు. 8.4 సెంటీమీటర్లంటే 840 ఘనపు మీటర్లు. సెకనుకు 10 లీటర్లు పోసే బోరు గంటకు 36 ఘనపు మీటర్లు ఇస్తుంది. కాలువలో నష్టం ఏమీ లేదనుకున్నా ఒక హెక్టారు తడపడానికి 23 గంటలకు పైగా పడుతుంది. రోజుకు తొమ్మిది గంటల విద్యుత్తు ఉంటే రెండున్నర రోజులు దాటుతుంది. మూడు హెక్టార్లున్న రైతు మొదటి మడి నుంచి చివరి మడికి చేరేసరికి వారం గడచిపోతుంది. తడుల మధ్య వ్యవధి, నీటి వినియోగ సామర్థ్యం, బిందు సేద్యం అవసరం మొదలైన అధ్యాయాలన్నీ ఈ ఒక్క లెక్క నుంచి బయలుదేరుతాయి. ఇలా చదివినవారికి ప్రశ్న ఏ రూపంలో వచ్చినా దారి దొరుకుతుంది.

మొక్కల సాంద్రత, విత్తన విలువ, కలుపుమందు మోతాదు లెక్కలు ఇంతకంటే సులువు. 60 × 20 సెంటీమీటర్ల దూరంలో హెక్టారుకు 83,333 మొక్కలు పడతాయి. హెక్టారుకు కిలో మూలపదార్థం చొప్పున 30 శాతం పెండిమిథాలిన్ వాడితే 3.33 లీటర్లు కావాలి. వీటిపై ఎక్కువ సమయం వెచ్చించనవసరం లేదు. దశాంశ బిందువు దగ్గర జాగ్రత్త చాలు.

నాలుగు పరాన్నజీవులు, నాలుగు గళ్లు

కంఠస్థానికి, అవగాహనకు మధ్య ఉన్న దూరం కలుపు మొక్కల అధ్యాయంలో స్పష్టంగా తెలుస్తుంది. పరాన్నజీవి కలుపు మొక్కలపై తరచూ వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. కస్కుటా, లోరాంథస్, ఒరోబాంకి, స్ట్రైగా అనే నాలుగింటిని పూర్తి కాండ పరాన్నజీవి, పాక్షిక కాండ పరాన్నజీవి, పూర్తి వేరు పరాన్నజీవి, పాక్షిక వేరు పరాన్నజీవి అనే నాలుగు తరగతులతో జతపరచాలి. గైడులో ఇది నాలుగు గళ్ల పట్టిక. దాన్ని బట్టీపట్టి, పరీక్ష గదిలో రెండు గళ్లు తారుమారు చేసి, రెండు నిమిషాలు ఊగిసలాడేవారు తక్కువేమీ కాదు.

నిజానికి ఈ నాలుగూ తెలుగు నేలకు కొత్తవి కావు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోశాక వేసే మినుము చేలల్లో పసుపుపచ్చని దారాల చిక్కులా అల్లుకుపోయే బంగారుతీగే కస్కుటా. దానికి పత్రహరితం ఉన్న ఆకులు లేవు, నేలతో సంబంధం కూడా లేదు. ఆహారం మొత్తం మినుము కాండం నుంచే పీల్చుకోవాలి. అందువల్ల అది పూర్తి పరాన్నజీవి, కాండ పరాన్నజీవి. మామిడి కొమ్మపై గుబురుగా పెరిగే బదనికే లోరాంథస్. దాని ఆకులు పచ్చగా, దళసరిగా ఉంటాయి. పిండి పదార్థం తానే తయారు చేసుకోగలదు. నీరు, లవణాలు మాత్రం కొమ్మ నుంచి తీసుకుంటుంది. కనుక అది పాక్షికం. పొగాకు మొక్క మొదట్లో నేలను చీల్చుకొని లేచే, ఆకుపచ్చ రంగు లేని మల్లె ఒరోబాంకి. జొన్న వేరును పట్టుకొని, పైకి వచ్చాక పచ్చని ఆకులు తొడిగేది స్ట్రైగా. పచ్చదనం ఉందా లేదా, పట్టుకున్నది కాండాన్నా వేరునా అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే పట్టికతో పని ఉండదు. ఒకసారి చేలో బంగారుతీగను చేత్తో లాగి చూసినవారు జీవితాంతం దాన్ని మరచిపోరు.

పోషక లోపాల విషయంలో కూడా ఇదే వరుస. మొక్కలో సులువుగా కదిలే నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం లోపిస్తే ముదురు ఆకులు ముందుగా రంగు మారతాయి, ఎందుకంటే మొక్క వాటిని ముదురు ఆకుల నుంచి లేత భాగాలకు తరలిస్తుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కదలవు. కనుక వాటి లోపం లేత ఆకుల్లో, చివుళ్లలో కనిపిస్తుంది. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో వేరుశనగ లేత ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉండడం చూసిన విద్యార్థి, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయించిన విద్యార్థి, 'ఇనుప ధాతు లోపం మొదట ఏ ఆకుల్లో కనిపిస్తుంది' అన్న ప్రశ్న దగ్గర ఆగడు. నిమ్మ ఉప్పు ఎందుకు కలపాలన్నది తరువాత రాగల ప్రశ్న. ద్రావణం ఆమ్లగుణం కోల్పోతే ఇనుము మొక్క తీసుకోలేని రూపంలోకి మారుతుంది.

మన పొలాల్లో కనిపించని పంటలు

పొలం ఒక్కటే చాలునని అనడం కూడా సరికాదు. ఇది అఖిల భారత పరీక్ష. గోధుమపై ప్రశ్నలు తప్పనిసరిగా ఉంటాయి. తెలంగాణలో అక్కడక్కడ కొద్దిపాటి విస్తీర్ణం మినహా తెలుగు రాష్ట్రాల విద్యార్థికి గోధుమ చేను చూసే అవకాశమే ఉండదు. గోధుమలో శిఖర వేర్లు వెలువడే దశ విత్తిన 21 రోజులకు వస్తుందనీ, తొలి తడికి అదే అత్యంత కీలకమనీ చదవడం ఒక్కటే మార్గం. పంజాబ్, హర్యానా గోధుమ చేలల్లో ఫలారిస్ మైనర్ అనే గడ్డి 1990 దశకంలో ఐసోప్రోట్యూరాన్ కలుపుమందుకు నిరోధకత పెంచుకున్న వృత్తాంతం కూడా అలాంటిదే. ఒకే మందును ఏళ్ల తరబడి, గోధుమ వెనుక వరి, వరి వెనుక గోధుమగా సాగిన ఒకే పంటల వరుసలో వాడడం దానికి కారణమైంది.

అయితే చూడని పంటను చూసిన పంటతో పోల్చి చదివితే పట్టు చిక్కుతుంది. గోధుమకు 21వ రోజు తడి ఎందుకు కీలకం? పిలకలను నిలబెట్టే వేర్లు అప్పుడే పుడతాయి కాబట్టి. వేరుశనగకు ఊడలు దిగే దశ ఎందుకు కీలకం? ఎండి గట్టిపడిన నేలలోకి ఊడ దిగలేదు కాబట్టి. మొక్కజొన్నకు పూత దశ ఎందుకు కీలకం? జల్లు రాలే పుప్పొడి, పీచు వెలువడే సమయం నీటి ఎద్దడిలో కలవవు కాబట్టి. మూడింటిలోనూ దిగుబడిని నిర్ణయించే భాగం ఏర్పడే సమయమే కీలక దశ. దీన్ని అర్థం చేసుకున్నవారికి కీలక దశల పట్టిక చాలావరకు దానంతటదే గుర్తుంటుంది. జనుము నార ఊరబెట్టడం గురించిన ప్రశ్న చూసి ఉత్తరాంధ్ర విద్యార్థి బెదరనవసరం లేదు. గోగు కట్టలను చెరువులో ఊరవేసి నార తీయడం ఆ ప్రాంతంలో పెద్దలు ఎరిగిన పనే. సూక్ష్మజీవులు చేసే పని రెండుచోట్లా ఒకటే.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. దేశమంతటా ఈ పరీక్షకు చదివేవారు చేతబట్టే సేద్యశాస్త్ర మూల గ్రంథాల్లో ఒకటైన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ అగ్రానమీ' రచయితలు టి. యల్లమంద రెడ్డి, జి.హెచ్. శంకర రెడ్డి తెలుగు నేలపై పనిచేసిన ఆచార్యులు. బి.పి.టి. 5204 వరి రకం పుట్టింది బాపట్లలో. దేశంలోని తూర్పు రాష్ట్రాల వరకు విస్తరించిన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, పుట్టింది మార్టేరులో. ఇతర రాష్ట్రాల విద్యార్థులు పుస్తకంలో చదివే విషయాలు మన విద్యార్థుల బస్సు దారిలో ఉన్నాయి. అయినా ఆ మూల గ్రంథాన్ని పక్కన పెట్టి, దాని నుంచి ఎవరో ఏరిన వాక్యాల సంకలనాన్ని కొనుక్కోవడం వింతగా తోస్తుంది.

మళ్లను గీసినవారికి గణాంకం

చాలామంది విద్యార్థులు గణాంక శాస్త్రాన్ని ముందుగానే వదిలేస్తారు. అది తెలిసి చేసే నష్టం. యాదృచ్ఛిక ఖండాల పద్ధతిలో 5 ప్రయోగ చర్యలు, 4 పునరావృతాలు ఉంటే దోషానికి స్వాతంత్ర్య మానాలు ఎన్ని? (5−1) × (4−1) = 12. ఇది అందరికీ వచ్చు. స్ప్లిట్ ప్లాట్ అనగానే కలవరం మొదలవుతుంది. ప్రధాన మళ్లలో 3 నీటి తడుల స్థాయిలు, ఉప మళ్లలో 4 నత్రజని మోతాదులు, 3 పునరావృతాలు అనుకుందాం. మొత్తం మళ్లు 36, మొత్తం స్వాతంత్ర్య మానాలు 35. పునరావృతాలకు 2, తడులకు 2, మొదటి దోషానికి 4, నత్రజనికి 3, పరస్పర ప్రభావానికి 6, రెండో దోషానికి 18. కలిపితే 35 రావాలి, వచ్చింది. చివర ఈ కూడికతో సరిచూసుకోవడం పావు నిమిషం పని.

తడులను ప్రధాన మళ్లలోనే ఎందుకు పెట్టారన్నది అసలు ప్రశ్న. చిన్న మడిలో నీరు పెడితే పక్క మడిలోకి ఊరుతుంది. గట్టు, మధ్యలో కాలువ, రక్షణ వరుసలు కావాలి. అందువల్ల పెద్ద మళ్లు తప్పవు, వాటి సంఖ్య తగ్గుతుంది, ఆ కారకంపై మన నిర్ధారణ అంత సూక్ష్మంగా ఉండదు. కచ్చితత్వం ఎక్కువ కావలసిన కారకాన్ని ఉప మళ్లలో పెట్టాలన్న సూత్రం ఇక్కడి నుంచే వచ్చింది. కళాశాల క్షేత్రంలో తాడు, టేపు పట్టుకొని మళ్లు గీసిన మధ్యాహ్నాన్ని గుర్తు చేసుకుంటే, ఈ అధ్యాయంలో సగం అప్పుడే చదివేసినట్టు తెలుస్తుంది. గోమెజ్ దంపతుల గణాంక గ్రంథం వరిపై చేసిన ప్రయోగాల ఉదాహరణలతోనే సాగుతుంది కాబట్టి మన విద్యార్థికి సులువుగా ఒంటబడుతుంది.

పదును, ఫీల్డ్ కెపాసిటీ

పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారికి, వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి అగ్రిసెట్ ద్వారా డిగ్రీలోకి వచ్చినవారికి ఇది గట్టి అడ్డంకి. విచిత్రమేమంటే పొలం జ్ఞానం ఎక్కువగా ఉన్నది వీరికే. ఊదను వరి నారులో చిన్నదిగా ఉన్నప్పుడే గుర్తుపట్టి పీకేయగలరు. కానీ ప్రశ్నలో 'ఎకైనోక్లోవా' అని కనిపిస్తే అది తమ ఊద అని పోల్చుకోలేరు. అటు నగరాల నుంచి వచ్చినవారు ఆ పేరును తప్పులేకుండా రాయగలరు, నారుమడిలో మాత్రం వరికి, ఊదకు తేడా చెప్పలేరు. రెండు వర్గాలవారు ఒకే గదిలో ఉంటూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోకపోవడం మన వసతిగృహాల్లో జరుగుతున్న పెద్ద వృథా.

దీనికి ఖర్చులేని ఉపాయం రెండు వరుసల నోటు పుస్తకం. ఒకవైపు రైతు మాట, మరొకవైపు శాస్త్ర పదం. తుంగ ఎదురుగా సైపెరస్ రొటండస్, గరిక ఎదురుగా సైనోడాన్ డాక్టిలాన్, వయ్యారిభామ ఎదురుగా పార్థీనియం, దమ్ము ఎదురుగా పడ్లింగ్, ఊడ ఎదురుగా పెగ్. కొన్ని మాటలకు సరిసమానమైన పదం దొరకదు, అక్కడే అసలు చదువు మొదలవుతుంది. రైతు 'పదును' అనే మాట ఫీల్డ్ కెపాసిటీకి దగ్గరిదే అయినా అదే కాదు. నాగలి సాగి, మన్ను పొడిపొడిగా విరిగే ఆ తేమ ఫీల్డ్ కెపాసిటీకి కొంత దిగువన ఉంటుంది. ఈ తేడాను ఒక వాక్యంలో రాసుకున్న విద్యార్థికి దుక్కికి అనువైన తేమ గురించిన ప్రశ్న కొత్తగా అనిపించదు. రావెప్ కాలంలో రోజుకు ఐదు మాటల చొప్పున రాసినా సెమిస్టరు ముగిసేసరికి పరిభాషలో చాలా భాగం చేతికి వస్తుంది. రావెప్ పర్యవేక్షకులు నివేదికతో పాటు ఈ నోటు పుస్తకాన్ని కూడా చూస్తే నకలు నివేదికల బెడద కొంతైనా తగ్గుతుంది.

తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు

ఇటీవలి విధానం ప్రకారం 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, మొత్తం 480 మార్కులు. సరైన జవాబుకు 4 మార్కులు కలుస్తాయి, తప్పుకు 1 మార్కు పోతుంది. తెలియని ప్రశ్నకు గుడ్డిగా గుర్తించడం మంచిదా, వదిలేయడం మంచిదా అని విద్యార్థులు ఏటా అడుగుతూనే ఉంటారు. సగటు లెక్క చెప్పేది ఇది: నాలుగు ఐచ్ఛికాల్లో ఏదో ఒకటి గుర్తిస్తే ప్రశ్నకు పావు మార్కు లాభం. ఒక తప్పు ఐచ్ఛికాన్ని తొలగించగలిగితే ఆ లాభం 0.67, రెండింటిని తొలగించగలిగితే 1.5. ఇరవై ప్రశ్నల మీద గుడ్డి ఊహ సగటున 5 మార్కులు ఇస్తే, రెండేసి ఐచ్ఛికాలను తొలగించి చేసిన ఊహ 30 ఇస్తుంది. పైగా గుడ్డి ఊహతో ఇరవై ప్రశ్నలు గుర్తించినవారిలో ఐదుగురిలో ఒకరికి మించి ఉన్న మార్కులే పోగొట్టుకుంటారు. ర్యాంకుల జాబితా పైభాగంలో 25 మార్కుల తేడా ఫెలోషిప్‌కూ ఉత్త ప్రవేశానికీ మధ్య ఉండే తేడా కావచ్చు.

ఐచ్ఛికాన్ని తొలగించే శక్తి కంఠస్థం నుంచి రాదు. కంఠస్థం చేసినది గుర్తుంటుంది, లేదా ఉండదు. అవగాహన ఉన్నవారికి జవాబు తెలియకపోయినా ఏది కాజాలదో తెలుస్తుంది. వేరుశనగలో కంది అంతరపంటకు ల్యాండ్ ఈక్వివలెంట్ రేషియో అడిగారనుకుందాం. విడిగా 20 క్వింటాళ్ల వేరుశనగ, 12 క్వింటాళ్ల కంది పండే చోట, కలిపి వేస్తే 14, 6 క్వింటాళ్లు వచ్చాయి. 0.7, 0.5 కలిపి 1.2. సూత్రం మరచినా, రెండు పంటలూ సగానికి తగ్గకుండా వచ్చాయి కాబట్టి జవాబు ఒకటికి తక్కువ కాదని ఆలోచించినవారు రెండు ఐచ్ఛికాలను అక్కడే కొట్టేస్తారు. 1.2 అంటే అదే దిగుబడికి విడివిడి పంటలైతే 20 శాతం ఎక్కువ భూమి కావాలని అర్థం. అనంతపురం ప్రాంతంలో ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేసే రైతు ఈ నిష్పత్తి పేరు వినకపోయినా దాని ఫలితం ఎరుగు.

సమయం విషయంలో మొదటి వడపోతలో వాస్తవ ప్రశ్నలను ఇరవై, ముప్పై సెకన్లలో ముగించి, మిగిలిన సమయాన్ని లెక్కలకు దాచుకోవడం మేలు. లెక్క ఉన్న ప్రశ్నకు రెండు నిమిషాలు సైతం పట్టవచ్చు. 'సరికాని వాక్యం ఏది' అన్న ప్రశ్నలో మొదట కనిపించిన సరైన వాక్యాన్ని గుర్తించి ముందుకు సాగిపోయేవారు నేటికీ ఎందరో ఉన్నారు.

చివరి మూడు నెలల్లో వారానికి ఒక నమూనా పరీక్ష రాయడం సరిపోతుంది. రోజుకొకటి రాసి, తప్పులు చూసుకోకుండా మార్కులు మాత్రం స్నేహితులకు చెప్పుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ప్రతి తప్పు పక్కన అది ఏ రకమో రాసుకోవాలి: అసలు తెలియనిది, తెలిసీ మరచినది, తెలిసీ ప్రశ్నను తప్పుగా చదివినది. మొదటి రకానికి మందు మూల గ్రంథం, రెండో రకానికి పునశ్చరణ, మూడో రకానికి నెమ్మది. అసలు పరీక్ష తరువాత జాతీయ పరీక్షల సంస్థ తాత్కాలిక జవాబుల పట్టికను, అభ్యర్థి గుర్తించిన జవాబులను ఇంటర్నెట్‌లో ఉంచుతుంది. నిర్ణీత రుసుము చెల్లించి అభ్యంతరం తెలిపే అవకాశం ఇస్తుంది. ఆ అభ్యంతరానికి ఆధారంగా చూపవలసింది గైడు పేజీ కాదు, ప్రామాణిక గ్రంథం. ఆ వారంలో పుస్తకం కోసం గ్రంథాలయానికి పరుగెత్తేవారికి, రెండేళ్ల ముందే దాన్ని చదివి పేజీ సంఖ్య తెలిసినవారికి తేడా అక్కడ తెలుస్తుంది.